పోక్సోలోని చిన్న అంకెలు

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం అనగానే జనానికి గుర్తొచ్చేవి పెద్ద అంకెలే. ఇరవై ఏళ్ల జైలు, యావజ్జీవం, ఉరి. 2019లో పార్లమెంటు శిక్షలు పెంచినప్పుడు పత్రికల పతాక శీర్షికలకెక్కినవీ అవే. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో ఏ కొండ మీది గూడెం నుంచో దిగివచ్చి ఆశ్రమ పాఠశాల హాస్టల్లో చదువుకునే పిల్లకు ఆ అంకెలు చాలా దూరం. ఆమె దాకా రావాల్సినవి చిన్నవి: 24 గంటలు, 72 గంటలు, 96 గంటలు, 7 రోజులు, 30 రోజులు, 6 నెలలు. వీటిలో మొదటి రెండు మూడు తప్పిపోతే ఇరవై ఏళ్ల శిక్ష కాగితం మీదే ఉండిపోతుంది.

ముందు సమస్య ఎంత పెద్దదో చూద్దాం. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి ఒక అధ్యయనం వెలువరించింది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని చెప్పినవాళ్లు 53.22 శాతం. తీవ్రమైన రూపంలో ఎదురైనవాళ్లు 21.90 శాతం. చేసినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మకస్తులుగా మెలిగినవాళ్లు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదన్న పిల్లలే ఎక్కువ. పట్టికలో పై వరసన నిలిచిన నాలుగు రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మిగతావి అస్సాం, బీహార్, ఢిల్లీ. ఇంకో అంకె ఉంది, దాన్ని చాలామంది చూసీ చూడనట్టు దాటేస్తారు. వేధింపు ఎదురైన పిల్లల్లో మగపిల్లలు 52.94 శాతం.

ఇది మన దేశానికే పరిమితమైన రోగం కాదు. యునిసెఫ్ 2024 అక్టోబరులో ఇచ్చిన అంచనా ప్రకారం, పద్దెనిమిదేళ్లు నిండకముందే అత్యాచారానికో లైంగిక దాడికో గురైన ఆడవాళ్లు ప్రపంచంలో 37 కోట్లకు పైగా ఉన్నారు. ప్రతి 8 మందిలో ఒకరన్నమాట. మగవాళ్లలో 24 కోట్ల నుంచి 31 కోట్ల దాకా, అంటే ప్రతి 11 మందిలో ఒకరు.

ఇక పోలీసు లెక్క. జాతీయ నేర గణాంకాల సంస్థ పుస్తకంలో 2022కి గాను పిల్లలపై నేరాలు 1,62,449. అంతకు ముందు ఏడాది కన్నా 8.7 శాతం ఎక్కువ. అందులో పోక్సో కేసుల వాటా 39.7 శాతం. రోజుకు సగటున 170కి పైనే. పెద్ద సంఖ్యే, కానీ సర్వేలో పిల్లలు చెప్పిన దాని పక్కన పెడితే ఏ మూలకూ రాదు. కేసులు పెరిగితే నేరాలే పెరిగాయని అనేయడం నాకు సమ్మతం కాదు. చెప్పుకునే ధైర్యం పెరిగినా కేసులు పెరుగుతాయి. ఒక మండలంలో ఏళ్ల తరబడి ఒక్క పోక్సో కేసూ నమోదు కాలేదంటే మాత్రం గర్వపడే ముందు ఎందుకో ఆరా తీయాలి.

చట్టం వయసు మరీ ఎక్కువేం కాదు. 2012 మే నెలలో ఉభయ సభలూ ఆమోదించాయి, ఆ ఏడాది నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు అమల్లోకి వచ్చింది. అంతకుముందు లైంగిక నేరాల విషయంలో పిల్లలకంటూ దేశమంతటికీ వేరే చట్టం లేదు. ఆడపిల్ల అయితే పెద్దవాళ్లకు వర్తించే అత్యాచార సెక్షనే, మగపిల్లవాడైతే అసహజ నేరాల సెక్షను. పోక్సో వచ్చాక 18 ఏళ్లలోపు ఎవరైనా పిల్లలే, ఆడా మగా తేడా లేదు. లోపలికి చొచ్చుకుపోయే దాడికి కనీస శిక్ష మొదట 7 ఏళ్లు ఉండేది. 2019 ఆగస్టు 16 నుంచి అది 10 ఏళ్లయింది. పిల్ల వయసు 16 లోపు అయితే 20 ఏళ్లు. లైంగిక ఉద్దేశంతో తాకితే 3 నుంచి 5 ఏళ్లు. తాకకుండా మాటలతో, సైగలతో, బొమ్మలు చూపించి, వెంటపడి వేధిస్తే 3 ఏళ్ల దాకా. బట్టల మీద నుంచి తాకితే నేరం అవుతుందా అన్న వింత ప్రశ్న కూడా ఒకసారి పైదాకా వెళ్లింది. చర్మానికి చర్మం తగలలేదు కాబట్టి ఈ సెక్షను వర్తించదని 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి అంది. అదే ఏడాది నవంబరు 18న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి, చూడాల్సింది చేసినవాడి ఉద్దేశమేనని తేల్చింది.

హాస్టల్ పిల్లల వరకూ అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి. నేరం చేసినవాడు విద్యాసంస్థ యాజమాన్యంలో గానీ సిబ్బందిలో గానీ ఉంటే చట్టం దాన్ని తీవ్రతరమైన నేరంగా చూస్తుంది. పోలీసు, ప్రభుత్వోద్యోగి, ఆసుపత్రి సిబ్బంది, దగ్గరి బంధువు, నమ్మకమూ పెత్తనమూ చేతిలో ఉన్నవాడు, వీళ్లందరూ ఆ జాబితాలోనే. పిల్ల వయసు 12 లోపు అయినా, ఒకసారికి మించి జరిగినా, పిల్ల గర్భవతి అయినా అంతే. అలాంటి దాడికి కనీసం 20 ఏళ్లు, గరిష్ఠంగా ఉరి. తాకడమే అయితే 5 నుంచి 7 ఏళ్లు. హెడ్మాస్టరు నుంచి వాచ్‌మన్ దాకా, రెగ్యులర్ టీచరు నుంచి అవుట్‌సోర్సింగ్ కుక్ దాకా అందరికీ ఇదే కొలత.

గిరిజన ఏజెన్సీలో ఈ నిబంధనకు బరువెక్కువ. పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కింద ఉన్న 11 మండలాల్లో చింతపల్లి ఒకటి. 2022 ఏప్రిల్ 4న విశాఖ జిల్లా నుంచి విడిపోయి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. కొండల మీద నాలుగిళ్లు ఇక్కడ, పదిళ్లు అక్కడ. ప్రతి గూడేనికీ హైస్కూలు పెట్టడం కుదరదు కాబట్టి పిల్లలనే ఒకచోటికి తెచ్చి ఉంచే పద్ధతి వచ్చింది. గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాలలు, కస్తూర్బా విద్యాలయాలు, గురుకులాలు, ఏకలవ్య పాఠశాలలు అన్నీ ఆ కోవలోవే. ఒక్కో ఏకలవ్య పాఠశాలకు పెట్టుకున్న సంఖ్య 480 మంది, ఆడపిల్లలు 240, మగపిల్లలు 240. దసరాకి, సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకి తప్ప ఈ పిల్లలు తల్లిదండ్రుల కళ్ల ముందు ఉండరు. మైదానంలో పిల్ల సాయంత్రానికి ఇంటికొస్తుంది, మొహం వాడిపోతే అమ్మ పసిగడుతుంది. హాస్టల్లో ఆ పని జీతం తీసుకునేవాళ్లు చేయాలి.

చేయకపోతే? ఇక్కడే 6 నెలల అంకె వస్తుంది. పోక్సో 19వ సెక్షను ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం వచ్చినా, ఆ సంగతి స్థానిక పోలీసులకో ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో చెప్పి తీరాలి. ఎవరైనా సరే. టీచరు, కుక్, హాస్టల్ పనులు చూసే కామాటి, ఏఎన్ఎం, డాక్టరు, పక్కింటివాడు. చెప్పకపోతే 21వ సెక్షను కింద 6 నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాస్తే ఏడాది దాకా జైలు, జరిమానా కూడా. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ నడవదు. చెప్పలేదన్న నేరం పిల్లల మీద మోపడానికి వీల్లేదు. పెద్దవాళ్లు కక్షతో తప్పుడు ఫిర్యాదు ఇస్తే 6 నెలల దాకా శిక్ష ఉంది గానీ, పిల్లలు పొరపాటు చెప్పినా శిక్ష లేదు.

మన హాస్టళ్లలో జరిగే తప్పు సాధారణంగా ఇక్కడే. హెడ్మాస్టరు విషయం సహాయ గిరిజన సంక్షేమాధికారికి (ఏటీడబ్ల్యూవో) చెప్పి, ఆయన డిప్యూటీ డైరెక్టరుకు చెప్పి, ఆయన ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి ఫైలు పెట్టి, విచారణ కమిటీ వేసి, ఒకరిని సస్పెండ్ చేసేసరికి శాఖ తన బాధ్యత తీరిపోయిందనుకుంటుంది. చట్టం దృష్టిలో తీరలేదు. శాఖాపరమైన నివేదిక పోలీసు ఫిర్యాదుకు బదులు కాదు. ‘స్కూలు పేరు పోతుంది’ అన్న మాట ఏ సెక్షను కిందా మినహాయింపు కాదు. ఊరి పెద్దల్లో పెట్టి తప్పు కట్టించి సర్దేద్దామన్నా కుదరదు, ఇది రాజీ చేసుకునే నేరం కాదు.

దీనికి మనకు దగ్గరలోనే ఒక తీర్పు ఉంది. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో రాజూరా అనే ఊరు, 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే. అక్కడి ఒక పాఠశాల బాలికల హాస్టల్లో గిరిజన పిల్లలపై లైంగిక దాడి జరిగిందన్న ఫిర్యాదు మీద 2019లో కేసు నమోదైంది. దర్యాప్తులో బాధితుల సంఖ్య 17కి చేరింది. హాస్టల్ పిల్లలకు వైద్యం చేసే డాక్టరుకు సంగతి తెలిసినా పోలీసులకు చెప్పలేదన్నది ఆయన మీద అభియోగం. బొంబాయి హైకోర్టు ఆయన మీది కేసు కొట్టేసింది. 2022 నవంబరు 2న సుప్రీంకోర్టు దాన్ని పునరుద్ధరించింది. తెలిసీ చెప్పకపోవడం చాలా తీవ్రమైన నేరమనీ, చాలాసార్లు అది నేరం చేసినవాళ్లను కాపాడే ప్రయత్నమేననీ ఆ తీర్పు సారాంశం. ప్రతి ఆశ్రమ పాఠశాల స్టాఫ్‌రూములో గోడకు అంటించాల్సిన తీర్పు ఇది. ‘గుడ్ టచ్, బ్యాడ్ టచ్’ పోస్టర్లు పిల్లల గదుల్లో అంటిస్తున్నారు, మంచిదే. పెద్దల గదిలో అంటించాల్సింది 21వ సెక్షను.

గంటల లెక్క ఎలా నడుస్తుందో తెలియడానికి ఒక ఉదాహరణ కల్పించి చూద్దాం. ఏడో తరగతి పిల్ల. శనివారం రాత్రి 9 గంటలకు జరగరానిది జరిగింది. ఆదివారం మంచం దిగలేదు. జ్వరమనుకుని పారాసెటమాల్ ఇచ్చారు. సోమవారం పొద్దున్న 7 గంటలకు వంటగది అరుగు మీద చేటలో బియ్యం ఏరుతున్న కామాటి పక్కన చేరి, ‘అక్కా, నేను ఇంటికి పోతాను’ అని మొదలుపెట్టి, కాసేపటికి తమ కువి భాషలో అసలు సంగతి చెప్పింది. హాస్టల్ పెద్దవాళ్లలో ఆ భాష తెలిసింది ఆ కామాటి ఒక్కతికే. అప్పటికి 34 గంటలు గడిచిపోయాయి.

కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాల ప్రకారం లైంగిక దాడి జరిగిన 96 గంటల్లోపు వస్తే శరీరం నుంచి నమూనాలు సేకరించాలి. హెచ్ఐవీ సోకకుండా మందులు మొదలుపెట్టాల్సింది 72 గంటల్లోపు. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర కూడా ఎంత తొందరగా వేస్తే అంత మేలు. అంటే మన ఉదాహరణలో మందుల గడువు మంగళవారం రాత్రి 9 గంటలకు, సాక్ష్యం గడువు బుధవారం రాత్రి 9 గంటలకు ముగుస్తాయి. సంత రోజున అమ్మానాన్నా ఎలాగూ వస్తారు, అప్పుడు మాట్లాడదామని హెడ్మాస్టరు అనుకుంటే, అప్పటికి పిల్ల స్నానం చేసి ఉంటుంది, బట్టలు ఉతికి ఆరేసి ఉంటాయి.

సోమవారమే పోలీసులకు చెబితే కథ వేరు. చెప్పిన మాటకు ఒక నమోదు సంఖ్య వేసి, రాసుకుని, తిరిగి చదివి వినిపించాలి. 112కి ఫోన్ చేసినా, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేసినా పని మొదలవుతుంది. పిల్ల స్టేషనుకు రానక్కర్లేదు. ఉన్నచోటికే, వీలైనంత వరకు ఎస్సైకి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. రాత్రిపూట పిల్లను ఏ కారణంతోనూ స్టేషనులో ఉంచకూడదు. 24 గంటల్లో, అంటే మంగళవారానికల్లా, బాలల సంక్షేమ సమితికీ ప్రత్యేక కోర్టుకీ సమాచారం అందాలి. ఈ సమితిలో ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు, మొత్తం ఐదుగురు. పిల్లను ఆ హాస్టల్లోనే ఉంచాలా, వేరేచోటికి మార్చాలా అన్నది చూసేది వాళ్లే. నిందితుడు అదే ఆవరణలో ఉన్నప్పుడు ఇది మాటవరస ప్రశ్న కాదు.

ఆసుపత్రి సంగతి చాలామందికి తెలియదు. ఎఫ్ఐఆర్ లేదని డాక్టరు పరీక్షకు నిరాకరించడానికి లేదు. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి. తల్లిదండ్రులో, పిల్ల నమ్మిన ఇంకొకరో పక్కన ఉండాలి. మన కథలో ఆ కామాటి వెళ్లొచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం డాక్టరు నివేదిక 7 రోజుల్లో దర్యాప్తు అధికారికి చేరాలి. వైద్యానికి ప్రభుత్వాసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా ఒక్క రూపాయి అడగకూడదు. రెండు వేళ్ల పరీక్ష చేసే డాక్టరుది దుష్ప్రవర్తనేనని సుప్రీంకోర్టు 2022 అక్టోబరు 31న తేల్చి చెప్పింది. గర్భం వస్తే 24 వారాల దాకా తొలగించుకునే వీలు 2021 సవరణ తర్వాత మైనర్లకు ఉంది.

దర్యాప్తుకు గడువు 2 నెలలు. కోర్టు కేసును స్వీకరించిన 30 రోజుల్లో పిల్ల సాక్ష్యం నమోదు కావాలి, వీలైనంత వరకు ఏడాదిలో విచారణ ముగియాలి. విచారణ తలుపులు మూసి జరగాలి, నిందితుడు పిల్ల కంటపడకూడదు, డిఫెన్సు లాయరు ప్రశ్నలు జడ్జి నోటి నుంచే రావాలి.

నిజంగా ఎంత పడుతోంది? విధి సెంటర్ ఫర్ లీగల్ పాలసీ 2022లో ప్రచురించిన అధ్యయనం ఈ-కోర్టుల్లోని 2,30,730 పోక్సో కేసులను తిరగేసింది. ఒక్కో కేసు తేలడానికి సగటున 509.78 రోజులు. కేసులు ముగిసిన తీరు చూస్తే 43.44 శాతం నిర్దోషులుగా విడుదల, 14.03 శాతం శిక్ష. దేశం మొత్తం మీద విడుదలలు శిక్షలకు మూడు రెట్లయితే ఆంధ్రప్రదేశ్‌లో ఏడు రెట్లు. ఈ అంకె చూసి ‘అన్నీ తప్పుడు కేసులే’ అనేవాళ్లు ఉంటారు. సాక్ష్యం దొరికే 96 గంటలు ఎన్ని కేసుల్లో వాడుకున్నారో, ఎంతమంది పిల్లల చేత మాట మార్పించారో లెక్క తీయకుండా ఆ మాట అనడం తొందరపాటు.

చేయాలనుకుంటే ఎంతలో చేయొచ్చో హైదరాబాద్ చూపించింది. 2022 అక్టోబరులో బంజారాహిల్స్‌లోని ఒక ప్రైవేటు పాఠశాలలో నాలుగేళ్ల పిల్లపై అఘాయిత్యం బయటపడింది, నిందితుడు ప్రిన్సిపాల్ దగ్గర డ్రైవరు. 2023 ఏప్రిల్ 18న నాంపల్లిలోని ఫాస్ట్‌ట్రాక్ కోర్టు అతనికి 20 ఏళ్ల శిక్ష వేసింది, ప్రిన్సిపాల్‌ను నిర్దోషిగా వదిలింది. మొత్తం ఆరు నెలలు. అక్కడ తల్లిదండ్రులు పాఠశాల ముందు నిలబడ్డారు, టీవీ కెమెరాలు వచ్చాయి, పోలీసు కమిషనరేట్ కూతవేటు దూరంలో ఉంది. చింతపల్లి నుంచి విశాఖలోని పోక్సో కోర్టుకు ఘాట్ దిగి నర్సీపట్నం మీదుగా వంద కిలోమీటర్లకు పైనే. ఒక వాయిదాకి తల్లి, తండ్రి, పిల్ల వెళ్లిరావాలంటే కాఫీ పళ్లు కోసే రోజుల్లో కూలి పోతుంది, బస్సు ఛార్జీలు మీద పడతాయి.

పోలీసు స్టేషనంటే ఇక్కడి జనానికి ఉన్న జంకు నిన్నమొన్నటిది కాదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొట్టమొదట దాడి చేసింది చింతపల్లి స్టేషను మీదే. అది వలస పాలన నాటి మాట. పక్కనున్న జి.మాడుగుల మండలం వాకపల్లిది స్వతంత్ర భారతం మాట. 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు చెప్పారు. తీర్పు 2023 ఏప్రిల్ 6న వచ్చింది, దాదాపు పదహారేళ్లకు. దర్యాప్తు సరిగా జరగలేదంటూనే కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలింది, మహిళలకు పరిహారం ఇవ్వమంది. వాళ్లు పిల్లలు కారు, ఆ కేసు పోక్సోది కాదు. కానీ ఈ కొండల్లో ఏ తల్లినైనా ‘స్టేషనుకు పోదాం’ అంటే ఆమెకు ముందు గుర్తొచ్చేది ఆ పదహారేళ్లే.

అందుకే చట్టంలో డబ్బుకు సంబంధించిన చిన్న అంకెలు ఇక్కడ ఎక్కువ అక్కరకొస్తాయి, వీటిని అడిగేవాళ్లే తక్కువ. 2020 మార్చి 9న వచ్చిన పోక్సో నిబంధనల్లో 8వది: తిండికి, బట్టకు, ప్రయాణానికి తక్షణ సాయం ఇవ్వమని బాలల సంక్షేమ సమితి సిఫారసు చేస్తే వారం రోజుల్లో చెల్లించాలి. 9వది: కేసు నడుస్తుండగానే మధ్యంతర పరిహారం ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు, ఆదేశం వచ్చిన 30 రోజుల్లో రాష్ట్రం చెల్లించాలి. జాతీయ న్యాయసేవల సంస్థ 2018 పథకంలో అత్యాచార బాధితులకు పరిహారం 4 నుంచి 7 లక్షల రూపాయలు. మైనరైతే అందులో సగం కలిపి 6 లక్షల నుంచి పదిన్నర లక్షల దాకా. గిరిజన పిల్ల కేసులో నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాకపోతే ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కూడా తోడవుతుంది. అప్పుడు దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారే చేయాలి. అత్యాచారమైతే 5 లక్షల సాయంలో సగం వైద్య నివేదిక రాగానే, పావు వంతు ఛార్జిషీటు పడ్డాక, మిగతా పావు విచారణ ముగిశాక. చాలా కుటుంబాలకు ఇందులో ఏది ఎవరిని అడగాలో తెలియదు. అందుకే కేసు మొదటి నుంచి చివరి దాకా పిల్లకు తోడుండే సహాయక వ్యక్తి ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి. ఇది దయ తలిస్తే పెట్టే ఏర్పాటు కాదని 2023 ఆగస్టు 18న సుప్రీంకోర్టు గుర్తు చేయాల్సి వచ్చింది.

పాఠశాల వైపు చూస్తే, 2020 నిబంధనల్లో 3వది సూటిగా ఉంది. పిల్లలు ఉండే, పిల్లలతో రోజూ పని ఉండే ప్రతి సంస్థా తన సిబ్బంది అందరికీ పోలీసు వెరిఫికేషన్ చేయించాలి. బోధన సిబ్బంది, బోధనేతర సిబ్బంది, రెగ్యులర్, కాంట్రాక్టు అందరికీ, ఒక్కసారి కాదు, కొంతకాలానికోసారి మళ్లీ మళ్లీ. సిబ్బందికి శిక్షణ కూడా అలాగే. పాస్‌పోర్టు అడిగితే మన ఇంటి గడప తొక్కి విచారించే పోలీసు, వందలాది పిల్లల మధ్య రాత్రి పడుకునే వాచ్‌మన్ గురించి విచారించాడా అని ఎవరైనా అడిగారా? ఫిర్యాదుల పెట్టెలు చాలా బళ్లలో ఉన్నాయి. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందన్నది అసలు సంగతి. హెడ్మాస్టరు గది బయట పెట్టి, చెవి ఆయన జేబులోనే ఉంటే ఆ పెట్టెలో పడేవి చారు పలచగా ఉందన్న చీటీలే.

పాఠాల విషయంలో నా అభ్యంతరం ఒకటుంది. ‘కేకెయ్, పరుగెత్తు, చెప్పు’ అని ఎనిమిదేళ్ల పిల్లకు నేర్పుతున్నాం. అరవలేకపోయిన పిల్ల తప్పు తనదేనని అనుకునే ప్రమాదం అందులో ఉంది. వార్డెను చేతిలో అన్నం పళ్లెం ఉన్నచోట, ఇంటికి నడిచి వెళ్లాలంటే ఒక పగలు పట్టేచోట పిల్ల పరుగెత్తేది ఎక్కడికి? మగపిల్లల హాస్టళ్లలో అయితే ఆ పాఠం కూడా సరిగా చెప్పరు. పెద్ద తరగతుల పిల్లలు చిన్నవాళ్లను ఏడిపించడం ‘మామూలే’ అన్న ఖాతాలో పోతుంది. 52.94 శాతం అన్న అంకె మళ్లీ ఒకసారి చూడండి.

ఏజెన్సీలో పోక్సో చర్చకు వస్తే వెంటనే లేచే ప్రశ్న ఇంకోటి ఉంది, దాన్ని దాటేయడం నిజాయితీ కాదు. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఇష్టపడి కలిసి వెళ్లిపోవడం, తర్వాత పెద్దలు ఒప్పుకుని పెళ్లి చేయడం గిరిజన తెగల్లో కొత్తేం కాదు. చట్టం ముందు అదీ నేరమే. సమ్మతి వయసు 1860లో 10 ఏళ్లు, 1891లో 12, 1925లో 14, 1940లో 16, పోక్సోతో 18. తగ్గించాలా అని అడిగితే 22వ లా కమిషన్ 2023 సెప్టెంబరులో ఇచ్చిన 283వ నివేదికలో వద్దంది. 16 నుంచి 18 మధ్య పిల్లల ఇష్టపూర్వక సంబంధాల్లో శిక్ష విషయంలో జడ్జికి కొంత విచక్షణ ఉంటే చాలంది. చట్టపు భయంతో గర్భవతి అయిన పదిహేడేళ్ల పిల్ల ఆసుపత్రి మెట్లు ఎక్కడం మానేస్తే ప్రాణానికే ముప్పు. అందుకే అలాంటి పిల్ల గర్భం తీయించుకోవడానికి వచ్చినప్పుడు, ఆమె, సంరక్షకులు కోరితే డాక్టరు పోలీసులకిచ్చే సమాచారంలో పేరు చెప్పనక్కర్లేదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు వెసులుబాటు ఇచ్చింది. ఈ చిక్కును అడ్డం పెట్టుకుని టీచరు చేసినదాన్ని కూడా ‘ఇష్టపూర్వకం’ ఖాతాలో వేసే ప్రయత్నాలు జరుగుతాయి. పెత్తనం ఉన్నచోట ఇష్టం అన్న మాటకు తావే లేదు, చట్టం అక్కడ శిక్ష పెంచింది గానీ తగ్గించలేదు.

ఇక భాష. మన ఉదాహరణలో పిల్ల నోరు విప్పింది తన భాష తెలిసిన మనిషి దగ్గర. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. ఉద్యోగాల కోణంలో దాని మీద చాలా వాదన జరిగింది. పిల్ల ఎవరితో చెప్పుకుంటుంది అన్న కోణంలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2003 ప్రాంతంలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర, కోయ వంటి 8 గిరిజన భాషల్లో చిన్న తరగతుల వాచకాలు తయారుచేశారు. పాఠానికి అమ్మ భాష అక్కర్లేదని వాదించేవాళ్లు కూడా వాంగ్మూలానికి అక్కర్లేదని అనలేరు.

చట్టం అనడం లేదు కూడా. పోక్సో 19, 26, 38 సెక్షన్లు మూడూ అనువాదకుల ఊసెత్తుతాయి: ఫిర్యాదప్పుడు, వాంగ్మూలమప్పుడు, కోర్టులో సాక్ష్యమప్పుడు. 2020 నిబంధనల్లో 5వది ప్రకారం ప్రతి జిల్లా బాలల పరిరక్షణ విభాగం దగ్గర అనువాదకుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లతో ఒక రిజిస్టరు ఉండాలి. పోలీసులు, మేజిస్ట్రేటు, ప్రత్యేక కోర్టు అడిగితే ఇవ్వాలి. అర్హత కూడా డిగ్రీలతో పని లేకుండా రాశారు. పిల్ల భాష, రాష్ట్ర భాష రెండూ వాడుకగా వస్తే చాలు. అది మాతృభాష కావచ్చు, ప్రాథమిక స్థాయి దాకా చదివిన భాష కావచ్చు, ఆ ప్రాంతంలో ఉండటం వల్ల వచ్చింది కావచ్చు. మన కథలోని కామాటి పేరు కూడా ఆ రిజిస్టరులోకి ఎక్కగలదు.

అల్లూరి జిల్లా రిజిస్టరులో కువి వచ్చినవాళ్లు ఎంతమంది, ఆదివాసీ ఒడియా వచ్చినవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఆడవాళ్లు ఎందరు అని ఏ తండ్రైనా, ఏ సర్పంచైనా, ఏ విలేకరైనా అడగవచ్చు. సమాచార హక్కు కింద ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10 రూపాయలు. జవాబు 30 రోజుల్లో రావాలి. అదే కాగితం మీద రెండో ప్రశ్నగా, మండలంలోని ఒక్కో హాస్టల్లో వాచ్‌మన్, కుక్, కామాటి, కాంట్రాక్టు రెసిడెన్షియల్ టీచర్లకు (సీఆర్టీ) పోలీసు వెరిఫికేషన్ చివరిసారి ఏ తేదీన జరిగిందో కూడా రాయొచ్చు. దానికి వేరే రుసుము అక్కర్లేదు.